ఆయాసపడే రోగిని వెల్లకిలా పడుకోబెట్టవద్దు

సంపాదకులకు నమస్కారాలు.

ఎగశ్వాస తీస్తున్న మనిషిని చూడగానే మన ఇళ్లలో అందరి నోటా మొదట వచ్చే మాట "ముందు పడుకోబెట్టండి" అన్నదే. ఆ మాటలో ప్రేమ ఉంది, కంగారు ఉంది, అలసిన ఒంటికి విశ్రాంతి కావాలన్న నమ్మకమూ ఉంది. కానీ ఉబ్బసం ఉన్నవారికి, గుండె బలహీనపడినవారికి, పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి ఆ ఒక్క పనితోనే నిమిషాల్లో ఆయాసం ముదురుతుంది. ఛాతీ వార్డుల్లోనూ ఇంటెన్సివ్ కేర్‌లోనూ నర్సుగా ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని కనుక ఈ సంగతి మీ పాఠకుల ముందు పెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను. మందుల గురించి, ఇన్‌హేలర్ల గురించి, ఆక్సిజన్ యంత్రాల గురించి మీ ఆరోగ్య పేజీలో మంచి వ్యాసాలు వస్తున్నాయి. రోగిని మంచం మీద ఏ తీరున ఉంచాలన్న విషయం మాత్రం ఎక్కడా కనిపించదు. దాన్ని కూడా వైద్యంలో భాగంగా చూడాలనీ, మందు రాసినట్టే కేస్ షీట్‌లో రాయాలనీ, మందు వాడకం చెప్పినట్టే ఇంటివారికి చెప్పి పంపాలనీ నా విన్నపం.

ప్రశాంతంగా ఊపిరి తీసుకునేటప్పుడు పనిలో చాలా భాగం చేసేది ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డుగా ఉండే డయాఫ్రం అనే కండరం. అది కిందికి దిగితే ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది, పైకి లేస్తే బయటికి పోతుంది. కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు పేగులు, కాలేయం తమ బరువుతో కిందికి జారి ఉంటాయి కాబట్టి దానికి దిగే చోటు ఉంటుంది. వెల్లకిలా పడుకోగానే అదే బరువు ఛాతీ వైపు నెడుతుంది కనుక, డయాఫ్రం పైకి జరిగిపోయి, ప్రతి శ్వాసకూ ఆ బరువును తోసుకుంటూ దిగవలసి వస్తుంది. మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత కూడా పెద్దవారి ఊపిరితిత్తుల్లో రెండున్నర, మూడు లీటర్ల గాలి నిల్వ ఉంటుంది. రెండు ఊపిరుల నడుమ రక్తానికి ఆక్సిజన్ అందించేదీ, సన్నని గాలి గొట్టాలను మూసుకుపోకుండా తెరిచి ఉంచేదీ ఆ నిల్వే. నిలబడిన మనిషి పడుకునేసరికి అందులో అర లీటరు నుంచి లీటరు దాకా తగ్గిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల మనిషికి ఈ తగ్గుదల తెలియను కూడా తెలియదు. వయసు పైబడే కొద్దీ ఊపిరితిత్తులకు సాగి ముడుచుకునే గుణం సన్నగిల్లి, చిన్న గొట్టాలు తొందరగా మూసుకుపోతుంటాయి. పడుకున్న స్థితిలో సుమారు 45 ఏళ్లకే, కూర్చున్న స్థితిలో సుమారు 65 ఏళ్లకు, మామూలు ఊపిరిలోనే కింది భాగపు గొట్టాలు కొన్ని మూతపడటం మొదలవుతుందని వైద్య విద్యార్థులు చదివే పుస్తకాల్లో ఉంది. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన డెబ్బై ఏళ్ల పెద్దాయనకు ఎముక కన్నా ముందు ఊపిరితిత్తులే ప్రాణం మీదికి తేవడానికి కారణం ఇక్కడే ఉంది. రోజుల తరబడి ఒకే తీరున వెల్లకిలా ఉన్న మనిషికి వీపు వైపు భాగంలోకి గాలి సరిగా చేరదు, అక్కడ కళ్లె నిలుస్తుంది, ఆ తర్వాత నిమ్ము చేరుతుంది. పొట్టకు పెద్ద ఆపరేషన్ అయినవారిలోనూ ఇదే జరుగుతుంది. కుట్లు లాగుతాయని దగ్గరు, లోతుగా ఊపిరి తీయరు, లేచి కూర్చోరు. వారిని కుర్చీలోకి మార్చమని నర్సులు పోరు పెట్టేది కఠినత్వంతో కాదు.

గుండె బలహీనపడిన రోగికి ఈ ఇబ్బందితో పాటు మరొకటి కూడా తోడవుతుంది. పగలంతా కాళ్లలో, పొట్టలో నిలిచిన రక్తంలో కొంత, పడుకోగానే ఛాతీలోకి చేరుతుంది. అదనంగా వచ్చిన ఆ రక్తాన్ని ముందుకు తోయలేక గుండె వెనకబడితే, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, గాలి ఉండవలసిన చోట నీరు ఊరుతుంది. అర్ధరాత్రి దాటాక ఊపిరాడక ఉలిక్కిపడి లేచి, కిటికీ తలుపులు తెరిచి, మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే గానీ కుదుటపడని పెద్దవాళ్లు ఎన్నో ఇళ్లలో ఉన్నారు. గ్యాస్ పట్టేసిందని వారికి సోడా తాగించి మళ్లీ పడుకోబెట్టడం నేను చాలాసార్లు విన్న కథ. "రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు?" అని డాక్టరు అడిగే ప్రశ్నను దయచేసి తేలికగా తీసుకోవద్దు. పోయిన నెల దాకా ఒక్క దిండుతో నిద్రపోయిన మనిషి ఈ వారం మూడు దిండ్లు అడుగుతున్నారంటే, ఆ మాట అదే రోజు డాక్టరుకు చేరాలి.

ఇక చుట్టలు, బీడీలు, సిగరెట్లు కాల్చినవారి గురించి, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదురు గొట్టంతో ఊదిన తల్లుల గురించి చెప్పాలి. వీరి ఊపిరితిత్తుల్లో గాలి బయటికి పోక లోపలే చిక్కుకుని ఉంటుంది. దాంతో ఛాతీ ఉబ్బి, డయాఫ్రం బల్లపరుపుగా అణిగిపోయి, లాగే శక్తిని చాలావరకు పోగొట్టుకుంటుంది. అందుకే ఆయాసం ముదిరినప్పుడు వీరు ఎవరూ నేర్పకుండానే ముందుకు వంగి, చేతులు మోకాళ్ల మీద ఊనుకుని కూర్చుంటారు. అలా వంగినప్పుడు పొట్ట డయాఫ్రాన్ని కింది నుంచి పైకి నెట్టి తిరిగి కొంత వంపు తెస్తుంది. చేతులు ఒకచోట స్థిరంగా ఆనడం వల్ల మెడ, భుజాల కండరాలు పక్కటెముకలను పైకి లాగడంలో సాయపడతాయి. మనం చేయవలసిందల్లా ఆ భంగిమకు ఆసరా ఇవ్వడమే. కుర్చీ ముందు బల్ల వేసి, దాని మీద రెండు దిండ్లు పెట్టి, మోచేతులూ తలా వాటి మీద ఆన్చమంటే చాలామందికి కొద్ది నిమిషాల్లోనే ఊపిరి వేగం తగ్గడం మొదలవుతుంది. నడుస్తూ ఆయాసం వస్తే కిటికీ గట్టు మీదో అరుగు మీదో చేతులు ఊని ముందుకు వాలి నిలబడవచ్చు. అలా వంగితే నడుం పట్టేస్తుందని భుజాలు పట్టుకుని వెనక్కి లాగి పడుకోబెట్టే బంధువులను వార్డుల్లో ఎందరినో ఆపవలసి వచ్చింది. రోగి తనంతట తాను వెతుక్కున్న భంగిమను మార్చే ముందు, అందులో ఆ మనిషికి ఏ సుఖం దొరుకుతోందో ఒక్క క్షణం చూడాలి.

మంచం తలవైపు ఎత్తితే సరిపోతుందన్న అభిప్రాయం ఆసుపత్రుల్లోనే ఉంది. ఎలా ఎత్తుతున్నామన్నది ఎత్తడం కన్నా ముఖ్యం. హ్యాండిల్ తిప్పి తలవైపు లేపుతాం, రోగి అరగంటలో కిందికి జారిపోతారు. అప్పుడు మంచం మడత నడుము దగ్గర ఉండవలసింది వీపు మధ్యకు వస్తుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, పొట్ట మడతపడి డయాఫ్రాన్ని నొక్కుతుంది. దూరం నుంచి చూసేవారికి రోగి కూర్చున్నట్టే ఉంటుంది, నిజానికి ఆ స్థితిలో ఊపిరి పడుకున్నప్పటి కన్నా కష్టం కావచ్చు. సరిగా చేయాలంటే ముందు మంచాన్ని చదునుగా దించి, ఇద్దరు చెరోవైపు నిలబడి, నడుము కింద వేసిన దుప్పటి మడతను పట్టుకుని రోగిని పైకి జరపాలి. తుంటి సరిగ్గా మంచం మడత మీదికి వచ్చాక, మొదట మోకాళ్ల వైపు కాస్త ఎత్తి, తర్వాత తలవైపు ఎత్తాలి. దిండు తల కింద మాత్రమే పెడితే మెడ వంగి గాలి దారి ఇరుకవుతుంది కనుక, భుజాల కింది నుంచి తల దాకా ఆసరా అందేలా ఏటవాలుగా అమర్చాలి. రెండు చేతుల కిందా చెరో దిండు ఉంటే భుజాల బరువు ఛాతీ మీద పడదు. ఇంట్లో ఆసుపత్రి మంచం లేనివారు గోడకు ఆనించిన పరుపు మడతతో, లేదా మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఈ పని చేసుకోవచ్చు. కుంగిపోయిన నులక మంచం మాత్రం ఆయాస రోగికి పనికిరాదు, అందులో ఎంత కూర్చోబెట్టినా వీపు వంగి పొట్ట నొక్కుకుపోతుంది.

బోర్లా పడుకోవడం గురించి మన ప్రజలకు 2021 వేసవిలో తెలిసింది. కోవిడ్ రెండో ఉధృతిలో పడకలు, ఆక్సిజన్ దొరకని రోజుల్లో, కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఏప్రిల్‌లో బొమ్మలతో సహా సూచనలు విడుదల చేసింది. ఆక్సిజన్ స్థాయి 94 కన్నా తగ్గితే బోర్లా పడుకోవాలనీ, మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల పైభాగం దాకా ఒకటి రెండు దిండ్లు, కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకోవాలనీ, భోజనం చేసిన గంట దాకా ఆ పని చేయవద్దనీ అందులో ఉంది. ఇది అప్పటికప్పుడు పుట్టిన ఉపాయం కాదు. తీవ్రంగా ఊపిరితిత్తులు దెబ్బతిని వెంటిలేటర్ మీద ఉన్న 466 మంది రోగులపై ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. విడతకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచినవారిలో 28 రోజుల్లో మరణించినవారు 16 శాతం, వెల్లకిలా ఉంచినవారిలో 32.8 శాతం. ఏ కొత్త మందూ లేకుండా, మనిషిని తిప్పి పడుకోబెట్టడంతో వచ్చిన తేడా అది. వెల్లకిలా ఉన్నప్పుడు గుండె బరువు, పొట్ట బరువు, నీరు పట్టిన ఊపిరితిత్తి సొంత బరువు అన్నీ వీపు వైపు భాగాన్ని అణచివేస్తాయి. ఊపిరితిత్తుల పరిమాణం ఎక్కువగా ఉన్నదీ, రక్తం ఎక్కువగా ప్రవహించేదీ ఆ భాగంలోనే. బోర్లా తిప్పితే అది తెరుచుకుని, రక్తం ఉన్న చోటికి గాలి చేరుతుంది.

మెలకువగా, సొంతంగా ఊపిరి తీస్తున్న కోవిడ్ రోగుల విషయంలో లాభం ఇంత పెద్దది కాదు. ఆరు దేశాల్లో వెయ్యి మందికి పైగా రోగులతో జరిగి 2021లో వచ్చిన అధ్యయనంలో, వెంటిలేటర్ కోసం శ్వాసనాళంలోకి గొట్టం వేయవలసి రావడమో మరణమో సంభవించినవారు బోర్లా పడుకున్నవారిలో 40 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 46 శాతం. గొట్టం వేయవలసిన అవసరం తగ్గింది, మరణాల్లో స్పష్టమైన తేడా కనబడలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ వేసవి తర్వాత చాలామంది మనసులో ఏ ఆయాసానికైనా బోర్లా పడుకోవడమే మందన్న అభిప్రాయం నిలిచిపోయింది. గుండె వైఫల్యంతో ఊపిరాడని పెద్దావిడను, ఉబ్బసం ఎక్కువైన మనిషిని బోర్లా పడుకోమని బలవంతపెట్టడం ప్రమాదకరం. గర్భిణులు, వెన్నెముక, తుంటి, తొడ ఎముక విరిగినవారు, తీవ్రమైన గుండె జబ్బులు ఉన్నవారు ఆ పని చేయవద్దని 2021 నాటి సూచనల్లోనే ఉంది. పసిబిడ్డల సంగతి పూర్తిగా వేరు. నిద్రలో హఠాత్తుగా సంభవించే మరణాలను నివారించడానికి ఏడాది లోపు పిల్లలను ఎప్పుడూ వెల్లకిలానే నిద్రపుచ్చాలి.

ఒక వైపు ఊపిరితిత్తికే నిమ్ము చేరినప్పుడు ఏ పక్కకు ఒత్తిగిలాలన్నది కూడా తేలికగా తీసుకునే విషయం కాదు. పెద్దవారిలో రక్తం బరువు కొద్దీ కింది వైపు ఎక్కువగా చేరుతుంది. అందుచేత బాగున్న ఊపిరితిత్తి కిందికి వచ్చేలా పడుకుంటే, గాలి బాగా ఆడే చోటికి రక్తం వెళ్లి, ఆక్సిజన్ స్థాయి మెరుగుపడుతుంది. కుడివైపు నిమ్ము ఉన్నవారు ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మేలు. దీనికి మినహాయింపు ఉంది. ఊపిరితిత్తి నుంచి రక్తం పడుతున్నా, చీము గడ్డ ఉన్నా, జబ్బు ఉన్న వైపే కిందికి ఉంచాలి, లేకపోతే రక్తమో చీమో బాగున్న ఊపిరితిత్తిలోకి జారిపోతుంది. క్షయ రోగుల వార్డులో పనిచేసినవారికి ఈ జాగ్రత్త ఎంత అవసరమో తెలుసు.

అన్నం పెట్టే తీరు గురించి కాస్త గట్టిగానే రాయాలి. పక్షవాతం వచ్చిన తండ్రికి పడుకోబెట్టి ఉంచే జావ తాగించడం, ముక్కు గొట్టం ద్వారా పాలు పోసి వెంటనే మంచం దించేయడం నేను ఇప్పటికీ ఇళ్లలో చూస్తున్నాను. మింగే శక్తి తగ్గిన మనిషికి పొలమారితే పెద్దగా దగ్గు కూడా రాకపోవచ్చు. తిన్నది చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, రెండు మూడు రోజుల తర్వాత జ్వరంగా, గురగురగా బయటపడుతుంది. నోటితో తినేవారిని పూర్తిగా నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొద్దిగా కిందికి వంచమనాలి, తిన్న తర్వాత కనీసం అరగంట అలాగే ఉంచాలి. గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు ఉండాలి. వెంటిలేటర్ మీద ఉన్న రోగులతో బార్సిలోనాలో జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో, చదునుగా పడుకోబెట్టినవారిలో 34 శాతం మందికి న్యుమోనియా వచ్చిందని అనుమానించగా, తలవైపు ఎత్తి ఉంచినవారిలో అది 8 శాతమే. స్పృహ లేని మనిషిని మాత్రం కూర్చోబెట్టకూడదు, నోట్లో నీళ్లు పోయకూడదు. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి, నాలుక వెనక్కి పడకుండా, వాంతి బయటికి పోయేలా ఉంచాలి.

కూర్చోబెట్టడమే అందరికీ మంచిదని కూడా నేను అనడం లేదు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చేతులు పడిపోయిన రోగుల్లో పొట్ట కండరాలు బిగువు కోల్పోతాయి. కూర్చోబెడితే పొట్ట ముందుకు జారి డయాఫ్రం కిందికి దిగిపోయి, ఊపిరి తగ్గుతుంది. వారికి పడుకున్నప్పుడే హాయిగా ఉంటుంది, కూర్చోబెట్టవలసి వస్తే పొట్టకు పట్టీ కడతారు. కాలేయ వ్యాధి ముదిరిన కొందరిలో కూర్చుంటే ఆక్సిజన్ పడిపోయి, పడుకుంటే మెరుగుపడటం ఉంటుంది. రక్తపోటు బాగా పడిపోయిన రోగిని ఉన్నట్టుండి నిటారుగా లేపితే కళ్లు తిరిగి పడిపోతారు. ఏ రోగికి ఏది సరిపోతుందో డాక్టరు నిర్ణయించి రాతపూర్వకంగా చెప్పాలని నేను కోరడానికి ఈ తేడాలే కారణం. చెప్పేవారు దగ్గర లేనప్పుడు, స్పృహలో ఉండి ఆయాసపడుతున్న మనిషిని ఎలా సుఖంగా ఉందో అడిగి, అలా ఉండనివ్వడం క్షేమం. ఆటోలో ఆసుపత్రికి తెచ్చేటప్పుడు వెనక సీటులో అడ్డంగా పడుకోబెట్టి తల ఒడిలో పెట్టుకునే బదులు, పక్కన ఒకరు పట్టుకుని కూర్చోబెట్టి తీసుకురావాలి. భంగిమ మార్చినంత మాత్రాన వైద్యం అక్కరలేదని అనుకోకూడదు. పెదవులు నీలంగా మారినా, వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, మగతగా ఉన్నా కూర్చోబెట్టి ఉంచుతూనే 108కు ఫోన్ చేయాలి.

మన ఆసుపత్రుల్లో రోగిని జరిపేదీ, తిప్పేదీ, దిండు సర్దేదీ ఎక్కువగా వెంట వచ్చిన భార్యో కొడుకో కోడలో అన్నది అందరికీ తెలిసిందే. రాత్రిపూట పెద్ద వార్డును ఒకరిద్దరు నర్సులు చూసుకునే చోట రెండు గంటలకోసారి ప్రతి రోగినీ తిప్పడం వారి వల్ల కాదు. అలాంటప్పుడు ఆ బంధువులకు మొదటి రోజే పది నిమిషాలు కేటాయించి, జారిపోయిన రోగిని ఎలా పైకి జరపాలో, ఏ పక్కకు తిప్పాలో చేతులతో చేయించి చూపడం వార్డు పనిలో భాగం కావాలి. హ్యాండిల్ తిరగని మంచాలు, మడత ఇరుక్కుపోయిన మంచాలు వార్డుల్లో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటున్నాయి. పాడైన వెంటిలేటర్‌ను బాగు చేయించినంత తొందరగా వాటినీ బాగు చేయించాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. డిశ్చార్జి సమ్మరీలో మందుల పట్టిక కింద "తలవైపు ఎత్తు ఎంత, ఏ పక్కకు, తిన్న తర్వాత ఎంతసేపు" అని తెలుగులో ఒక వరుస ఉండాలి. ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు మంచం పట్టినవారిని చూసినప్పుడు బీపీ, షుగర్‌తో పాటు వారు పడుకున్న తీరును కూడా గమనించేలా శిక్షణ ఇవ్వాలి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. పైన రాసిన భంగిమలు మాటల్లో కన్నా బొమ్మల్లో తేలికగా అర్థమవుతాయి. బల్ల మీద దిండ్లకు ఆని కూర్చున్న తీరు, తుంటి మంచం మడత మీద ఉన్న తీరు, గొట్టంతో ఆహారం ఇచ్చేటప్పుడు ఉండవలసిన వాలు, స్పృహ లేని మనిషిని పక్కకు తిప్పే తీరు, ఈ నాలుగూ ఛాతీ వైద్య నిపుణుల చేత సరిచూపించి, కత్తిరించి గోడకు అంటించుకునేంత పెద్దవిగా చలికాలం మొదలయ్యే లోపు ఆరోగ్య పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
గుంటూరు